రెండో గేటు లెక్క

ఆమె నాతో అన్న మొదటి మాట, "చెయ్యి తీయండి."

రెండో మాట, "మమ్మల్ని మూసేయడానికి వచ్చిన సారు మీరేనా?"

చెయ్యి తీశాను. కంట్రోల్ రూమ్‌లో బల్ల మీద ఊరికే చెయ్యి ఆన్చి నిలబడ్డాననుకున్నాను గానీ, నా వేళ్ళకి జానెడు దూరంలో ఎర్ర బటన్ ఒకటి ఉంది. దాని మీద ప్లాస్టిక్ మూత. అది నొక్కితే మూడో యూనిట్ ఉన్నపళంగా ఆగిపోతుందట. ఆ యూనిట్ కరెంటు మీద నాలుగు లక్షల ఇళ్ళు ఆధారపడి ఉన్నాయట. ఈ సంగతులన్నీ ఆమె నా వంక చూడకుండా, తెర మీద అంకెలు చూసుకుంటూ చెప్పింది.

"మూసేయడానికి రాలేదండీ. లెక్కలు తీసుకోవడానికి వచ్చాను."

"ఏం లెక్కలు?"

"ఎప్పుడు మూయాలో తేల్చే లెక్కలు."

అనేశాక నాలిక్కరుచుకున్నాను. ఆమె అప్పుడు తల తిప్పి చూసింది. కోపం వస్తే కళ్ళు చిన్నవవుతాయని విన్నాను. ఆమెవి ఇంకా పెద్దవయ్యాయి. ఆ కళ్ళని చూస్తూ నేను ఏ ఫైలు కోసం వచ్చానో కాసేపు మర్చిపోయాను.

నా పని గురించి ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పాలి. అప్పట్లో నేను జాతీయ ప్రణాళికా కార్యాలయంలో లెక్కలు కట్టేవాణ్ణి. ఇరవై అయిదేళ్ళలో దేశం నెట్ జీరోకి చేరాలని ప్రభుత్వం మాటిచ్చింది. అంటే గాల్లోకి మనం ఎంత కర్బనం వదులుతామో, అంతా చెట్లో నేలో యంత్రాలో తిరిగి పట్టుకోవాలి. మిగిలేది సున్నా కావాలి. ఆ సున్నాకి దారి వేసే ప్రణాళికలో బొగ్గుతో కరెంటు తయారుచేసే కేంద్రాలు అరవై మూడు. ఒక్కో కేంద్రానికీ నా కంప్యూటర్‌లో ఒక వరస. ఎప్పుడు కట్టారు, ఎంత బొగ్గు కాలుస్తారు, ఎంత మంది పనిచేస్తారు, ఇలా కాలమ్‌లు. చిట్టచివరి కాలమ్ మూసివేసే ఏడాది. అది నింపేవాణ్ణి నేను. ఇరవై తొమ్మిదేళ్ళ వయసు. నా మీద నాకు చాలా మంచి అభిప్రాయం ఉండేది.

ఈ కేంద్రం నలభై ఒకటో వరస. ఆమె ఇక్కడ ఉదయం షిఫ్టుకి ఇన్‌ఛార్జ్ ఇంజనీరు.

"ఇంతకీ ఎప్పుడు మూస్తారు?" అంది.

"ఇంకో నాలుగేళ్ళకి."

గదిలో ఉన్న పదిమందీ పని చేసుకుంటున్నట్టే నటించారు. ఆమె మాత్రం తలూపింది.

"మంచిదే."

"ఏంటండీ?"

"మంచిదే అన్నాను. మూయాలి. చిమ్నీ కింద పుట్టి పెరిగినదాన్ని, నాకు మీరు కొత్తగా చెప్తారా? మా వీధిలో పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండదు. మా నాన్న దగ్గు విని టైమెంతయిందో చెప్పగలను నేను." తెర మీద ఒక అంకె సరిచూసుకుంది. "సరే, మూస్తారు. మూసేటప్పుడు ఇక్కడ మనుషులు ఎంతమంది? మీ కాగితంలో?"

"నాలుగొందల పన్నెండు." ఈ అంకె నాకు కంఠతా వచ్చు.

ఆమె నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు.

"మీరు ఏ గేట్లోంచి వచ్చారు?"

"మెయిన్ గేట్లోంచి."

"రేపు పొద్దున అయిదున్నరకి రెండో గేటు దగ్గరికి రండి. వాన పడేలా ఉంది, గొడుగు తెచ్చుకోండి సున్నా సార్."

ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. నేను మెట్లు దిగే లోపల గేటు కాపలా మనిషికి కూడా తెలిసిపోయింది.

*

గొడుగు తెచ్చుకోలేదు. తెచ్చుకోమని చెబితే తెచ్చుకునే రకాన్ని కాదు అప్పట్లో.

రెండో గేటు వెనకవైపు, బొగ్గు వ్యాగన్లు వచ్చే పట్టాల పక్కన ఉంది. దాని లోపలి గోడ పొడవునా ఒక చెక్క బోర్డు. బోర్డు నిండా మేకులు. ఒక్కో మేకుకీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళ తీసుకుని జేబులో వేసుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు తిరిగి తగిలిస్తారు. మేకుకి బిళ్ళ లేదంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. నిప్పు అంటుకున్నా, పైపు పేలినా, ఎవరికోసం వెతకాలో ఆ బోర్డే చెబుతుంది. నలభై ఏళ్ళుగా అదే పద్ధతి.

సన్నగా తుంపర మొదలైంది. ఆమె ఒక పెద్దాయనతో కలిసి వచ్చింది. ఆయన మెళ్ళో తువ్వాలు, చేతిలో క్యారియర్. మూడొందల పద్దెనిమిదో బిళ్ళ తీసుకుని, ఆమె తల మీద చెయ్యి పెట్టి, దగ్గుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

"మా నాన్న," అంది. "బూడిద పైపుల దగ్గర మేస్త్రి. కాంట్రాక్టు మనిషి."

"మీకు మెయిన్ గేటు కార్డు ఉంది కదా?"

"ఉంది. ఇక్కడిదాకా నాన్నతో నడిచొచ్చి, చుట్టూ తిరిగి అక్కడికి వెళ్తాను. పన్నెండు నిమిషాలు ఎక్కువ నడక. పర్లేదు." బోర్డు వైపు చూపించింది. "ఇక లెక్కపెట్టండి."

"మనుషుల్నా?"

"మనుషులు కదుల్తారు. మేకుల్ని లెక్కపెట్టండి."

ఒక వరస చూశాను. పై నుంచి కిందికి వరసలు చూశాను. "వరసకి డెబ్బై. ఇరవై ఎనిమిది వరసలు. పందొమ్మిది వందల అరవై."

"అప్పుడే అయిపోయిందా?"

"గుణించానండీ."

"మేం గుణించుకుని రాం సార్. ఒక్కొక్కళ్ళమే వస్తాం."

ఆమె షిఫ్టుకి వెళ్ళిపోయింది. నేను బోర్డు ముందు ఒక్కో మేకు మీదా వేలు పెడుతూ మొదట్నుంచీ లెక్కపెట్టాను. వచ్చేవాళ్ళు నన్ను తప్పుకోమంటూ, నా భుజం మీదుగా చెయ్యి చాపి బిళ్ళలు తీసుకుంటూ వెళ్తున్నారు. బాయిలర్ కడిగేవాళ్ళు, వ్యాగన్లు దించేవాళ్ళు, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆడవాళ్ళు. వాన పెద్దదైంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. పూర్తయ్యేసరికి ఏడున్నర. పందొమ్మిది వందల యాభై ఏడు. మూడు మేకులు ఎప్పుడో విరిగిపోయి ఉన్నాయి.

నేను తడిసి నిలబడ్డ సంగతి ఎవరు చేరవేశారో, ఆమె టీ విరామంలో గొడుగు పట్టుకుని వచ్చింది.

"ఎంత?"

"యాభై ఏడు. పందొమ్మిది వందల యాభై ఏడు."

"మూడు తప్పారన్నమాట గుణకారంలో."

"తప్పానండీ."

గొడుగు నా మీదకి కూడా జరిపింది. అందులో నాకు దక్కింది ఎడం భుజానికి సరిపడా చోటు. ఆ భుజం ఒక్కటే చలికి వణకలేదు.

"వీళ్ళు మీ కాగితంలో ఎందుకు లేరు?" ఈసారి కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

నాకు జవాబు తెలుసు. చెప్పాను. అన్ని కేంద్రాలకీ పంపిన ఫారంలో "రోల్స్‌లో ఉన్న ఉద్యోగుల సంఖ్య" అని అడిగాం. కాంట్రాక్టు మనుషులు రోల్స్‌లో, అంటే కేంద్రం జీతాల పట్టీలో, ఉండరు. వాళ్ళు మరమ్మతు ఖర్చుల కింద, గ్రీజు డబ్బాల పక్కన ఉంటారు. కేంద్రం మూసేనాటికి లెక్కలో ఉన్న ప్రతి మనిషికీ కొత్త పని నేర్పించాలి, లేదా పెన్షన్ ఇవ్వాలి, అదీ ప్రణాళిక. లెక్కలో లేని మనిషికి ఏమీ లేదు. గేటు మూస్తారు, అంతే.

"ఆ ఫారం తయారుచేసింది ఎవరు?"

"నేనే."

ఆమె బోర్డు వైపు తిరిగింది. గొడుగు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

*

ఆ తర్వాత నెలన్నర పాటు మా ఆఫీసు నుంచి ఆ కంట్రోల్ రూమ్‌కి వెళ్ళినన్ని ఫోన్లు దేశంలో ఇంకే కంట్రోల్ రూమ్‌కీ వెళ్ళి ఉండవు.

"మీ ఆఫీసులో ఈమెయిల్ పనిచేయదా సార్?"

"పనిచేస్తుందండీ. కానీ ఈమెయిల్‌లో మీ నవ్వు రాదు."

"నా నవ్వు మీ డేటాలోకి వస్తుందా?"

"ఇంకా కాలమ్ పెట్టలేదు."

"పెట్టేటప్పుడు ఫారం ఎవరితోనైనా దిద్దించుకోండి. మీ ఫారాల సంగతి నాకు తెలుసు."

ఇలా ఉండేవి మా మాటలు. బాయిలర్ పీడనం గురించి మూడు నిమిషాల ప్రశ్నకి నలభై నిమిషాల జవాబు. పని ఉందని చెప్పుకుని రెండుసార్లు వెళ్ళొచ్చాను కూడా. రెండోసారి వాళ్ళ నాన్న గేటు దగ్గర నన్ను చూసి, "ఏం బాబూ, మేకులు ఇంకా తేలలేదా?" అని తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి మారింది. ఆమె ఆయన వీపు నిమురుతూ నా వైపు చూసింది. ఆ చూపులో నామీద ఒక నమ్మకం కనబడింది. నాకు భయమేసింది.

ఎందుకంటే అప్పటికే మా డైరెక్టర్ మేడమ్‌తో మాట్లాడి ఉన్నాను.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఈ ప్రణాళిక కోసం ఆవిడ జుట్టు నెరిసింది. గతంలో రెండుసార్లు అది మంత్రిమండలి గుమ్మం దాకా వెళ్ళి, ఏదో ఒక వంకతో వెనక్కి వచ్చింది. నేను చెప్పిందంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అరవై మూడు చోట్లా ఇదే తప్పా?"

"అవును మేడమ్."

"వచ్చే నెల మొదటి వారంలో మంత్రిమండలికి వెళ్ళాలి. ఇప్పుడు మన లెక్క తప్పని మనమే చెబితే ఏమవుతుందో తెలుసా? అయితే ఇంకో అయిదేళ్ళు ఆగుదాం అంటారు. ఆ మాట అనడానికి కాచుక్కూర్చున్నవాళ్ళున్నారు. అయిదేళ్ళ పొగ ఎంతో నాకంటే నీకే బాగా తెలుసు."

తెలుసు. ఆ లెక్క కట్టింది కూడా నేనే.

"ఫుట్‌నోట్ పెట్టు. వచ్చే సమీక్షలో చేర్చుదాం."

పెట్టాను. "ఒప్పంద కార్మికుల అంశం తదుపరి సమీక్షలో పరిశీలించబడుతుంది." రెండొందల పన్నెండో పేజీ అడుగున, ఒక్క లైను. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వపడ్డాను కూడా. ఆ పేజీ ఆమెకి పంపి, మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

రెండు రోజులు చప్పుడు లేదు. మూడో రోజు నేనే ఫోన్ చేశాను.

"చదివారా?"

"చదివాను."

"ఎలా ఉంది?"

"మా నాన్నకి చిన్న అక్షరాలు కనబడవు సార్."

నేను మేడమ్ చెప్పిందంతా చెప్పాను. అయిదేళ్ళ పొగ సంగతి చెప్పాను. ఆమె అడ్డు రాకుండా వింది.

"మీరు చెప్పింది అర్థమైంది," అంది చివరికి. "పొగ తగ్గాలి కాబట్టి మమ్మల్ని అడుగున పెట్టారు. ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది సార్, మమ్మల్ని అడుగున పెట్టడానికి. ఇకనుంచి డేటా కావాలంటే ఈమెయిల్ పెట్టండి."

ఫోన్ పెట్టేసింది. నేను ఆమెని ప్రేమిస్తున్నానని నాకు ఆ రోజే తెలిసింది. అదీ ఫోన్ పెట్టేశాక. తెలివైనవాణ్ణని పేరున్న నాకు అన్నీ ఇలాగే ఆలస్యంగా తెలుస్తాయి.

*

మంత్రిమండలికి వెళ్ళే ముందు ప్రజల అభిప్రాయం వినే సభలు పెట్టాం. అందులో చివరిది ఆ కేంద్రంలోనే, శిక్షణ హాల్లో. మూడొందల కుర్చీలు నిండిపోయి, గోడల వెంబడి మనుషులు నిలబడ్డారు. మేడమ్ వేదిక మీద కూర్చుంది. తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడాల్సింది నేను.

ఆమె అయిదో వరసలో ఉంది. నా వైపు చూడలేదు. పక్కన వాళ్ళ నాన్న, ఉతికిన చొక్కా, మెళ్ళో అదే తువ్వాలు.

నా బొమ్మల్లో ఒక గీత పై నుంచి కిందికి దిగుతూ చివరికి సున్నాని తాకుతుంది. ఆ గీత చూపించినప్పుడల్లా మిగతా సభల్లో జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇక్కడ ఎవరూ కొట్టలేదు. ప్రశ్నలు అడగమన్నాం. పెద్దాయన చెయ్యెత్తాడు. మైకు ఆయన దాకా వెళ్ళింది.

"నమస్కారం బాబూ. ముప్పై ఏళ్ళుగా బూడిద పైపుల మీద పనిచేస్తున్నాను. నాది మూడొందల పద్దెనిమిది. ఆ కాగితంలో నేను ఎక్కడున్నాను?"

ఎగతాళి కాదు, కోపం కాదు. రైల్లో తన సీటెక్కడో అడిగినట్టు అడిగాడు.

రెండొందల పన్నెండో పేజీ, కింద, అని చెప్పొచ్చు. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది. ఆమె తన ఒళ్ళోకి చూసుకుంటోంది. పెద్దాయన మైకు రెండు చేతుల్తో పట్టుకుని నా జవాబు కోసం నిలబడే ఉన్నాడు.

"లేరండీ," అన్నాను.

తెర మీది బొమ్మ ఆర్పేశాను.

"మీరు లేరు. మీతోపాటు ఇక్కడ పందొమ్మిది వందల యాభై ఆరు మంది లేరు. దేశంలో అరవై మూడు చోట్లా మీలాంటివాళ్ళు ఎవరూ లేరు. ఫారం తయారుచేసింది నేను. తప్పు నాది. తెలిశాక అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను రాశాను. అది తప్పు దిద్దుకోవడం కాదు, దాచుకోవడం."

వేదిక మీద మేడమ్ రాస్తున్న పెన్ను ఆగింది. అప్పుడు ముందు వరసలోంచి కాంట్రాక్టర్ల తరఫు మనిషొకడు లేచాడు. మేడమ్ భయపడ్డ మాటే అన్నాడు.

"విన్నారుగా! లెక్కే తప్పు. ఇంక మూసివేత ఏంటి? అయిదేళ్ళు వాయిదా వేయండి!"

సగం హాలు అరిచింది. ఒక్క నిజం చెప్పి మేడమ్ ఇరవై ఏళ్ళ పని పాడుచేశాననుకున్నాను.

"వాయిదా ఎవరడిగారు?"

ఆమె లేచి నిలబడింది. మైకు లేకుండానే వినబడింది. యంత్రాల హోరులో మాట్లాడే గొంతు అది.

"మా నాన్న తను ఎక్కడున్నానని అడిగారు. ఆపమని అడగలేదు. ఆ బూడిద ఇంకో అయిదేళ్ళు పీల్చాలని ఆయనకేం సరదా లేదు. మూసే ఏడాది జరపడానికి వీల్లేదు. మనుషుల్ని లెక్కపెట్టండి, అంతే." నా వైపు తిరిగింది. ఫోన్ పెట్టేసిన పదకొండు రోజులకి ఆ కళ్ళు నన్ను చూశాయి. "ఎన్ని రోజులు పడుతుంది సార్?"

"సర్వే చేయిస్తే ఏడాది."

"సర్వే ఎందుకు? ప్రతి కేంద్రానికీ రెండో గేటు ఉంటుంది. ప్రతి గేటు దగ్గరా బోర్డు ఉంటుంది, పేర్ల పుస్తకం ఉంటుంది. అరవై మూడు కంట్రోల్ రూములూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటాయి, ఎవరు ఎంత కరెంటిస్తున్నారో చెప్పుకోవడానికి. షిఫ్టు మారేటప్పుడు ఇంకొక్క అంకె చెప్పుకుంటాం."

మేడమ్ మైకు దగ్గరికి వంగింది. "అమ్మాయ్, మంత్రిమండలికి తొమ్మిది రోజులే ఉన్నాయి."

"మాకు రోజుకి మూడు షిఫ్టులున్నాయి మేడమ్."

*

ఆ తొమ్మిది రోజులూ నేను కుర్చీలోంచి లేచింది తక్కువ. దేశం నలుమూలల నుంచీ పేర్ల జాబితాలు వచ్చాయి. ప్రతి కాగితం మీదా రెండు సంతకాలు, షిఫ్టు ఇన్‌ఛార్జ్‌ది ఒకటి, గేటు కాపలా మనిషిది ఒకటి. ఒకచోట బోర్డు చెదలు పట్టిపోతే వాళ్ళు మనుషుల్ని వరసగా నిలబెట్టి లెక్కపెట్టారట. నేను కొత్త కాలమ్ పెట్టి ఒక్కో పేరూ సరిచూసి దించాను. ఎక్కడా గుణించలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆమె.

"నలభై ఒకటో వరస రాసుకోండి. పందొమ్మిది వందల యాభై ఆరు."

"యాభై ఏడు కదా?"

"యాభై ఆరు. బొగ్గు బెల్టు దగ్గర పనిచేసే పెద్దాయన నిన్న పోయారు. ఊపిరితిత్తులు. ఇన్నేళ్ళూ లెక్కలో లేకుండా ఉండి, లెక్కపెట్టే వారంలో పోయారు సార్."

ఆమె ఏడుస్తోందని తెలుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది.

"యాభై ఏడే రాస్తాను," అన్నాను. "లెక్క మొదలుపెట్టిన రోజు బోర్డు మీద ఎవరున్నారో వాళ్ళంతా లెక్కలోకి వస్తారు. ఆయన వాటా ఆయన ఇంటివాళ్ళకి. ఆ నిబంధన ఇప్పుడే రాస్తున్నాను."

"పెద్ద అక్షరాల్లో?"

"పెద్ద అక్షరాల్లోనే."

మరుసటి రోజు మేడమ్ ఆ పేజీలు మొదటి నుంచి చివరిదాకా చదివింది. మూసే ఏడాదులు ఒక్కటి కూడా కదల్లేదు. "నీ మీద కోపం ఇంకా ఉంది," అంది సంతకం పెడుతూ. "కానీ ఈ కాలమ్ లేకుండా ఇన్నేళ్ళు తిరిగినదాన్ని నేను. ఎవరి మీద అరవాలో తెలియడం లేదు." ప్రణాళిక ఆమోదం పొందింది. మూడోసారి అది వెనక్కి రాలేదు.

*

నెల తర్వాత ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. బొగ్గు పట్టాల వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. కిటికీ రెక్కల మీద సన్నటి బూడిద పొర, ఆ పక్కనే తడిగుడ్డ. ఆమె నన్ను చూసి, "రండి సున్నా సార్," అని, నవ్వు దాచుకుంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

పెద్దాయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. తన పేరున్న పేజీని ఎవరిచేతో పెద్దగా ప్రింటు తీయించుకున్నాడు. దాన్ని ఒకసారి చేత్తో నిమిరి పక్కన పెట్టాడు.

"నాలుగేళ్ళకి నాకు యాభై ఎనిమిదొస్తాయి బాబూ. కొత్త పని నేర్పిస్తామని రాశారు. పైపులు తప్ప నాకు ఇంకేం తెలీదు. ఈ వయసులో నాకు కొత్త పని వస్తుందా? కాగితంలో ఉన్నది కాదు. నిజం చెప్పు."

నా దగ్గర జవాబులున్నాయి. యాభై దాటినవాళ్ళలో నూటికి ఎందరు నేర్చుకున్నారు, ఎన్ని నెలల్లో, అన్నీ తెలుసు. అవన్నీ వేరే మనుషుల అంకెలు. ఎదురుగా ఉన్నది ఈయన.

"తెలీదు మావయ్యా," అన్నాను.

లోపల కప్పుల చప్పుడు ఆగిపోయింది.

నేను ఏమన్నానో నాకూ అప్పుడే వినబడింది. పెద్దాయన నన్ను తేరిపార చూశాడు.

"ఏమన్నావు?"

"తెలీదన్నానండీ."

"దాని తర్వాత?"

ఇంక దాచి లాభం లేదు. "మావయ్యా అన్నాను."

ఆయన నవ్వలేదు. కిటికీలోంచి చిమ్నీ వైపు చూస్తూ కూర్చున్నాడు. "ముప్పై ఏళ్ళలో చాలామంది సార్లు వచ్చారు," అన్నాడు కాసేపటికి. "అందరూ అన్నీ తెలుసన్నారు. తెలీదన్నది నువ్వే. మరి నీకే తెలీకపోతే మాకు ఎవరు చెప్తారు?"

"కలిసి కనుక్కోవాలి. ప్రతి కేంద్రం దగ్గరా మార్పు కోసం ఒక ఆఫీసు పెడుతున్నారు. నన్ను ఇక్కడి ఆఫీసుకి వేయమని రాసిచ్చాను. నిన్న ఆర్డరు వచ్చింది. గేటు మూసే రోజు దాకా ఉంటాను. ఆ తర్వాత కూడా."

ఆమె ట్రేతో గుమ్మంలోకి వచ్చింది. "నాకెందుకు చెప్పలేదు?"

"ముందు మావయ్యగారికి చెప్పాలనుకున్నాను."

"నా కోసం వస్తే మాత్రం రాకండి. అక్కడ పెద్ద ఉద్యోగం వదులుకుని, రేపు నన్ను అనొద్దు."

"నీ కోసం కూడా వస్తున్నాను," అన్నాను. మొదటిసారి నువ్వు అన్నాను. "కాదంటే అబద్ధమవుతుంది. ఈ ఇంట్లో అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు."

ఆమె ట్రే బల్ల మీద పెట్టింది. టీ కాస్త సాసర్‌లోకి ఒలికింది. వాళ్ళ నాన్న మా ఇద్దరి ముఖాలూ చూసి, కప్పు అందుకున్నాడు.

"రేపు పొద్దున ఆరింటికి గేటు దగ్గరికి రా," అన్నాడు. "మా వాళ్ళందరూ అక్కడే ఉంటారు. నాతో అన్నమాటే వాళ్ళతోనూ అను."

వెళ్ళాను. మబ్బు పట్టి ఉంది గానీ వాన లేదు. మూడు వందల మంది దాకా గుమిగూడి ఉన్నారు. పెద్దాయన నన్ను భుజం పట్టుకుని మధ్యలోకి నడిపించాడు.

"ఈయనే ఆ కాగితం రాసినాయన," అన్నాడు గట్టిగా. "మా అల్లుడు. ఇకనుంచి ఇక్కడే ఉంటాడు. ఏం అడగాలన్నా ఈయన్నే అడగండి."

ప్రశ్నలు మీద పడ్డాయి. ఎక్కడ నేర్పిస్తారు, చదువు రానివాళ్ళ సంగతేంటి, ఆడవాళ్ళకీ నేర్పిస్తారా, ఊళ్ళో అంత పని ఉంటుందా. తెలిసినవి చెప్పాను. తెలియనివి తెలియదన్నాను. తెలియనివే ఎక్కువ. ఎవరూ వెళ్ళిపోలేదు. ఆమె నా పక్కకి వచ్చి, జవాబు తేలని ఒక్కో ప్రశ్నా నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టింది.

"అల్లుడంట," అంది రాస్తూనే, నాకు మాత్రమే వినబడేలా. "నన్నెవరూ అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"నూట నాలుగు ప్రశ్నలు నీకంటే ముందున్నాయి. వరసలో నిలబడు."

అంటూనే పేజీ తిప్పి, నూట అయిదు అని వేసి, దాని పక్కన నా ప్రశ్న రాసింది. ఆ మొత్తం పుస్తకంలో ఆ రోజే జవాబు పడింది ఆ ఒక్కదానికే. మిగతా వాటి మీద ఇద్దరం ఇంకా పనిచేస్తున్నాం.